కళ్ళు మూసుకున్న ముప్పై ఎనిమిదోవాడు

గైహువా వీపు సంచిలో ఉండేది మగవాడి చలికోటు. దూది కూరి కుట్టిన నీలం కోటు, దాని కింద ఒక జత గుడ్డ బూట్లు, పైన ఓట్స్ పిండితో చేసి ఆవిరి మీద ఉడికించిన చుట్టలు, వెనిగర్ సీసా, అగరువత్తుల కట్ట. ఏటా నాలుగో నెల ఎనిమిదో నాడు, బుద్ధుడికి నీళ్ళు పోసే రోజున, పొద్దున్నే ఆ సంచి తగిలించుకుని మా బొగ్గు గనుల ఊరు దాతోంగ్ స్టేషన్లో ఆకుపచ్చ పాసింజరు రైలు ఎక్కేది. మూడు గంటల ప్రయాణం. దిగాక గుట్ట ఎక్కితే ఏడు వాకిళ్ళ గుహలు. ఆమె పక్కన కూర్చుని నలభై మూడేళ్ళుగా వెళుతున్నదాన్ని నేనే కాబట్టి ఆమె గురించి ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి. నేను బడికి వెళ్ళింది రెండు చలికాలాలు. అయితేనేం, మా ఇళ్ళ వరుసలో కాలేజీ చదివినవాళ్ళ అక్షరాలకంటే నా అక్షరాలు నిటారుగా ఉంటాయి.

గైహువా అంటే మా వైపు 'మార్చు' అని చెప్పడం. వాళ్ళ నాన్నకి మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు, ఈసారైనా మార్చి మగపిల్లాణ్ణివ్వమని దేవుడికి వినపడేలా పెట్టిన పేరు. నాలుగోది కూడా ఆడపిల్లే. ఆ పేరు పెట్టుకున్న మనిషి జీవితంలో మారినదంటూ ఏమీ లేదు. మా పక్క గోడ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఎంత బక్కగా ఉందో ఇప్పుడూ అంతే.

మొగుడు హౌ లాయ్‌షీ. మంచివాడా చెడ్డవాడా అంటే చెప్పలేను. గొంతు పెద్దది, బుర్ర చిన్నది. ఇరవయ్యేడో ఏట, పెద్ద గనిలో పని మానేసి, కొండ వెనక ఎవరో తవ్విన దొంగ గనిలో దిగాడు. పైకప్పు కూలింది. లోపల ఏడుగురు. మూడు శవాలు బయటికి తీశాక, వాటిలో లాయ్‌షీ లేడు, నీళ్ళు ఊరాయి, తవ్వినవాళ్ళు గని నోటికి రాళ్ళు అడ్డంపెట్టి పారిపోయారు. ఎవరు దిగారో ఎవరు దిగలేదో రాసుకున్న పుస్తకం కూడా లేదు.

వాళ్ళమ్మ, హౌ ముసలమ్మ, అప్పటికి యాభయ్యేళ్ళది. మేం ఏడుస్తూ వెళితే గుమ్మంలో నిలబడి ఒక జత గుడ్డ బూట్లు పైకెత్తి చూపించింది.

"ఇవి ఇంట్లోనే ఉన్నాయి చూడండే. బూట్లు లేకుండా నా కొడుకు గనికి పోతాడా? ఉత్తరాన మంగోల్ మైదానాల వైపు పోయుంటాడు, గొర్రెలు కాయడానికి."

"పిన్నీ, గనిలోకి రబ్బరు బూట్లు వేసుకుంటారు గదా" అన్నాను.

"నువ్వు చూశావా వేసుకోవడం? చూడలేదుగా. నోరు ముయ్యి."

చూడలేదు. మూశాను.

ఆ ఏడు నుంచే మొదలైంది గుహల ప్రయాణం. మూడో గుహలో బుద్ధుడి శిష్యులు, అయిదు వందలమంది అర్హంతులు, వరసగా కూర్చుని ఉంటారు. రాయి మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి రంగు వేసిన విగ్రహాలు. బొగ్గు లారీల దుమ్ము పడీ పడీ వాళ్ళ ఒళ్ళన్నీ నల్లగా ఉంటాయి, మా అందరి ఒళ్ళలాగే. వాకిలి పక్కనున్న మొదటి ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, మనిషి వయసెంతో అన్ని విగ్రహాలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఎక్కడ లెక్క ఆగుతుందో ఆయన ముఖం ఎలా ఉంటే ఆ ఏడు ఆ మనిషికి అలా ఉంటుంది. అందరూ తమ వయసు లెక్కపెట్టుకుంటారు. హౌ ముసలమ్మ కొడుకు వయసు లెక్కపెట్టించింది.

ఆమెకి ఇరవై దాటితే లెక్క రాదు. కోడలి లెక్క నమ్మదు. అందుకని నన్ను వెంటబెట్టుకెళ్ళేది. నేను గనిలో కదిలే పట్టీ మీంచి బొగ్గులోని రాళ్ళు ఏరే పనిలో ఉండేదాన్ని, గైహువా కూడా నా పక్కనే. రోజుకి ఎన్ని బుట్టల రాళ్ళు ఏరానో రాసుకోకుండా చెప్పగలను. నా లెక్కలో తప్పు పట్టుకున్నవాడు లేడు.

మొదటి ఏడు ఇరవయ్యేడో ఆయన దగ్గర ఆగాం. చేతిలో కర్ర.

"నడుస్తున్నాడు! చూశారా, నా కొడుకు ఎక్కడో నడుస్తున్నాడు!" అని ముసలమ్మ ఆ మట్టి కాళ్ళు పట్టుకుంది.

మరుసటి ఏడు ఇరవయ్యెనిమిదో ఆయన. ఒళ్ళో పిల్లి. "ఎవరింట్లోనో కూర్చుని పిల్లిని నిమురుతున్నాడు వెధవ. తల్లి గుర్తులేదు." తిరుగు రైల్లో ఆ పిల్లి ఇంటి ఆడదాన్ని మూడు గంటలు తిట్టింది. పక్కనే కూర్చున్న కోడలు సంచి ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండేది. ముసలమ్మ ఆశ ఒకటే, వాడు ఎక్కడో ఒక ఊళ్ళో రైలెక్కుతాడు, ఎక్కితే చలేస్తుంది, అందుకని కోటు తీసుకెళ్ళాలి, బూట్లు తీసుకెళ్ళాలి. మామూలుగా చచ్చినవాడికి పదో నెల మొదటి రోజున కాగితం కోటు కాలుస్తాం. ముసలమ్మ కాగితం ముట్టుకోలేదు. మూడేళ్ళకోసారి కోటు విప్పించి కొత్త దూది కూరించేది.

నాలుగో ఏడు పాంగ్ వచ్చాడు. ఆ రోజుల్లో ప్రతి రైలు పెట్టె చివరా బొగ్గు వేసి మండించే నీళ్ళ పొయ్యి ఉండేది. దాన్ని చూసుకునే మనిషి పాంగ్. పెళ్ళాం పోయి రెండేళ్ళు. చేతి మీద కాలిన మచ్చ, మాట తక్కువ. పెద్ద కెటిల్ పట్టుకుని పెట్టెంతా తిరిగి ముందు గైహువా గ్లాసులో పోసేవాడు.

"వదినా, ఆ సంచి అంత బరువుందే, పైన పెట్టనా?"

"వద్దు."

"లోపల ఏముంది?"

"మా ఆయన కోటు."

"ఆయన ఏ స్టేషన్లో ఎక్కుతాడు?"

గైహువా అతని ముఖం చూసింది. తర్వాత నవ్వింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె పళ్ళు నేను చూసింది అప్పుడే. ముసలమ్మ నిద్రపోతోంది, నేను పోలేదు.

ఆ తర్వాత పాంగ్ సెలవు దొరికినప్పుడల్లా రాళ్ళు ఏరే షెడ్డు దగ్గరికి వచ్చేవాడు. ఎండు ఆప్రికాట్లు, ఒకసారి కొమ్ము దువ్వెన. పెళ్ళి చేసుకుందామన్నాడు. చేసుకోవాలంటే కాగితం మీద పేట కమిటీ ముద్ర కావాలి. ముద్ర వేసే కమిటీవాళ్ళు, మొగుడు బతికున్న ఆడదానికి మేమెలా వేస్తాం, పోయాడని తల్లి వేలిముద్ర వేసిన కాగితం తీసుకురమ్మన్నారు. ఇంట్లోవాళ్ళందరి పేర్లు నమోదై ఉండే సర్కారు పుస్తకాన్ని ముసలమ్మ తన పరుపులో పెట్టి కుట్టేసుకుంది.

మరుసటి ఏడు గుహలో లెక్క ముప్పై ఒకటో ఆయన దగ్గర ఆగాక, ముసలమ్మ అగరువత్తులు వెలిగిస్తుంటే, గైహువా వరసలో ఇంకొంచెం ముందుకి వెళ్ళి నిలబడిపోయింది. నేనూ వెళ్ళాను. ఆ విగ్రహం గడ్డం గుండెకి ఆనించి, రెండు కళ్ళూ మూసుకుని ఉంది. చుట్టూ అందరూ కళ్ళు తెరిచి చూస్తుంటే ఈయన ఒక్కడే.

"అక్కా, ఎన్నోవాడు?" అంది మెల్లిగా.

నేను కంటితోనే లెక్కపెట్టాను. "ముప్పై ఎనిమిది."

వేళ్ళు ముడుస్తూ మిగిలినవి లెక్కపెట్టుకుంది. ఏడు.

తిరుగు రైల్లో అత్తని అడిగింది. "అత్తా, లెక్క ఎప్పుడైనా కళ్ళు మూసుకున్నాయన దగ్గర ఆగితే?"

"ఆగితే పోయాడనే. ఆ రోజే కాగితం మీద వేలు ఒత్తేస్తా. నీకు పెళ్ళి చేసి పంపేస్తా. నేను మాట తప్పేదాన్ని కాదే."

ముసలమ్మకి ఇరవై దాటితే లెక్క తెలియదు కదా. ముందు ఏముందో ఆమెకి తెలియదు. మాకు తెలుసు.

ఏడేళ్ళు. ఏడాదికొక విగ్రహం. ముప్పై రెండు, చేతిలో గిన్నె. ముప్పై మూడు, ముక్కు ఊడిపోయినాయన. ప్రతి ఏడూ గైహువా ఒక మోకాలు దగ్గరయ్యేది. ప్రతి ఏడూ పాంగ్ కెటిల్ పట్టుకుని వచ్చి, "ఈసారి ఎంత?" అనేవాడు. "అయిదుంది." "మూడుంది." వాళ్ళ సరసమంతా అదే. ఆమె ముప్పై దాటింది, చేతుల చర్మంలోకి బొగ్గు దిగింది, పాంగ్ జుట్టు నెరిసింది. అతనికి రైల్వేవాళ్ళ క్వార్టర్స్‌లో రెండు సంబంధాలు వచ్చాయి, కాదన్నాడు. ముసలమ్మ మాత్రం కోటు చేతులు పొడుగు చేయించింది, మగవాళ్ళు ముప్పై దాటాక చేతులు సాగుతాయని ఎవరో చెప్పారట.

ముప్పై ఎనిమిదో ఏడు వచ్చింది. ఆ పొద్దున రైల్లో గైహువా ఏమీ తినలేదు. పాంగ్ నీళ్ళు పోసి ఏమీ అడగలేదు. ముసలమ్మ ఓట్స్ చుట్టలు వెనిగర్‌లో ముంచుకుని అయిదు తింది.

గుహ నిండా జనం. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ముసలమ్మ ఒక్కొక్క మోకాలి మీద చెయ్యి వేస్తూ నడిచింది, వెనక గైహువా. ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు.

"ముప్పై ఎనిమిది."

ముసలమ్మ తలెత్తి చూసింది. వేలితో ఆయన రెప్పలు తడిమింది. కింద కూర్చుండిపోయింది. నేను అనుకున్నట్టు అరవలేదు, నన్ను తిట్టలేదు. "సరే" అంది. "సరేలే. పదకొండేళ్ళు తిప్పాడు నన్ను. పరుపు విప్పి పుస్తకం ఇస్తానే కోడలా. నువ్వు పో."

గైహువా వీపు మీంచి సంచి దించింది. అంత తేలిగ్గా దించడం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు ముసలమ్మ నా వైపు తిరిగింది. "చియావ్ పిల్లా, నీకు పద్ధతులన్నీ తెలుసుగా. ఇప్పుడు వాడికి ఏమేం చెయ్యాలి?"

మా వరుసలో పెళ్ళికైనా చావుకైనా పద్ధతి కావాలంటే నన్నే అడుగుతారు. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూడా వింటున్నారు. నేను గొంతు పెంచి చెప్పాను. "కాగితం కోటు, కాగితం బూట్లు. చెక్క మీద పేరు. పేరు కింద వయసు. ముప్పై ఎనిమిది అని రాయించకు పిన్నీ, తప్పు. పోయినవాడికి ఆకాశం పేర ఒక ఏడాది, భూమి పేర ఒక ఏడాది కలపాలి. నలభై అని రాయించు."

"నలభయ్యా?"

"నలభై. కలపకపోతే పైనా చోటుండదు, కిందా చోటుండదు."

ముసలమ్మ లేచి నిలబడింది. "అయితే వాడికి నలభై. ముప్పై ఎనిమిది దగ్గర ఎందుకు ఆపావే? ఇంకా రెండు లెక్కపెట్టు!"

నేను నోరు తెరిచే లోపల ఆమె చెయ్యి ముప్పై తొమ్మిదో మోకాలు దాటి నలభయ్యో మోకాలి మీద పడింది. ఆ విగ్రహం అయిదు వందలమందిలోకి పెద్ద నవ్వు నవ్వేది. నోరు చెవులదాకా తెరిచి, పళ్ళన్నీ బయటపెట్టి, పొట్ట పట్టుకుని.

"నవ్వుతున్నాడు! నా కొడుకు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు! బతికే ఉన్నాడు!"

"అత్తా," గైహువా అడ్డం వచ్చింది, "బతికుంటే ముప్పై ఎనిమిదే. ముప్పై ఎనిమిది కళ్ళు మూసుకున్నాడు."

"కళ్ళు మూసుకుంటే పోయినట్టు. పోతే నలభై. నలభై నవ్వుతున్నాడు."

"నవ్వితే బతికున్నట్టు గదా, బతికుంటే మళ్ళీ ముప్పై ఎనిమిది..."

"పోయిన మనిషికి ముప్పై ఎనిమిదేంటే, పద్ధతి తెలియనిదానా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఒకామె "తిప్పండమ్మా తిప్పండి, సాయంత్రం రైలుదాకా తిప్పండి" అంది. నవ్వొచ్చే మాటే. నేనూ నవ్వాను. అబద్ధం రాయను.

గైహువా నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు చెప్పు. ఆ రెండేళ్ళు చెక్క మీద రాసే లెక్కకేగాని ఈ లెక్కకి కలపరని చెప్పు. నీ మాటైతే వింటుంది. పొరబడ్డానని ఒక్క మాట చెప్పక్కా."

కలుపుతారో కలపరో నిజంగా నాకు తెలియదు. చచ్చినవాడి వయసు ఎవరూ ఎప్పుడూ అర్హంతుల దగ్గర లెక్కపెట్టలేదు కదా. తెలియదని చెప్పినా సరిపోయేది. కాని పద్ధతుల్లో నేను తెలియదన్నమాట మా వరుసలో ఎవరూ వినలేదు, ఆ నలుగురు ఆడవాళ్ళ ముందు మొదటిసారి అనడానికి నాకు నోరు రాలేదు.

"పోయినవాడికి కలపాలి" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. సంచి ఎత్తి మళ్ళీ తగిలించుకుంది.

తిరుగు రైల్లో పాంగ్ కెటిల్ పట్టుకుని వచ్చాడు. గడ్డం గీసుకుని, కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎవరి ముఖమూ చూడకుండానే ముసలమ్మ గ్లాసు చాపింది. "పొయ్యవయ్యా. మావాడు బతికే ఉన్నాడు. నవ్వుతున్నాడట."

పాంగ్ గైహువా వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బొగ్గు గుట్టలు చూస్తోంది.

"ఇంకా ఎన్ని?" అన్నాడు.

ఆ వరసలో కళ్ళు మూసుకున్నవాడు ఇంకొకడు లేడని అతనికి చెప్పాల్సి వచ్చింది నేనే. నీళ్ళు గ్లాసు నిండి ముసలమ్మ కాళ్ళ మీద పడ్డాయి. ఆమె తిట్టిన తిట్లకి పెట్టె అంతా లేచి చూసింది. తర్వాతి ఏడు ఆ పెట్టెలో వేరేవాడు నీళ్ళు పోశాడు. పాంగ్ దక్షిణం లైనుకి మార్పించుకుని, అక్కడ సేమియా అమ్ముకునే ఒక విధవని చేసుకున్నాడని విన్నాం. గైహువాకి ఆ సంగతి చెప్పింది కూడా ముసలమ్మే, నవ్వుతూ, కూర వడ్డిస్తూ.

గైహువా పారిపోవచ్చు కదా అని మీరంటారు. పుస్తకం లేని ఆడది ఎక్కడికి పోతుంది, ఏ ఊళ్ళో ఏ పని ఇస్తారు? తర్వాత రోజులు మారాయి, పోవచ్చు. అప్పటికి పోవడానికి ఎవరూ లేరు. ముసలమ్మ మాత్రం బతికింది. డెబ్బై బతికింది, ఎనభై బతికింది. మంచం పట్టాక పదేళ్ళు గైహువా ఆమె మలమూత్రాలు ఎత్తింది, చెంచాతో గంజి పోసింది, ఒక్క పుండు పడనివ్వలేదు. వరుసంతా ఎంత మంచి కోడలు అనేది. కమిటీవాళ్ళు ఎర్ర కాగితం మీద రాసి గుమ్మానికి అంటించారు కూడా.

రెండేళ్ళ కిందట, తొంభై ఒకటో ఏట, ముసలమ్మ పోయింది. పోయే ముందు కోడలి చెయ్యి పట్టుకుని అడిగింది, నేను పక్కనే ఉన్నాను.

"నా సమాధి రాయి మీద తొంభై మూడు రాయిస్తావుగా? రెండూ కలుపుతావుగా?"

"అత్తా, నీకేం కాదు. నువ్వు బతుకుతావు" అంది గైహువా, నుదుటి మీద చెమట తుడుస్తూ, ఎంతో మెత్తగా.

సమాధి రాయి చెక్కే అతను వచ్చి వయసెంత అని అడిగితే తొంభై ఒకటి అంది. అతను నా వైపు చూశాడు, ఇలాంటివి నన్నే అడుగుతారు కాబట్టి. "రెండు కలిపి కదా, పెద్దమ్మా?" అన్నాడు.

గైహువా కూడా నా వైపు చూసింది. ముప్పయ్యేళ్ళ తర్వాత ఆ చూపు. "చెప్పక్కా. పోయినవాళ్ళకేగా కలిపేది?"

"పోయింది గదే" అన్నాను.

"ఎవరన్నారు? పోలేదు. ఆమె ఉత్తరాన ఎక్కడో గొర్రెలు కాస్తోంది. తొంభై ఒకటే కొట్టవయ్యా."

అతను తొంభై ఒకటే కొట్టాడు. పైనా చోటు లేకుండా, కిందా చోటు లేకుండా ఆ రాయి అక్కడ నిలబడి ఉంది. కాగితం కోటు కాల్చలేదు. చావు కూడు పెట్టలేదు.

ఈ ఏడు నాలుగో నెల ఎనిమిదిన మళ్ళీ వెళ్ళాం. నాకు డెబ్బై తొమ్మిది, మోకాళ్ళు లేవు, అయినా వెళ్ళాను. రైల్లో మా ఎదురుగా ఇద్దరు కాలేజీ వయసు పిల్లలు, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ, తమకంటే పెద్ద సంచులు వీపుకి వేసుకుని, గుహలన్నీ చూసుకుంటూ ఊరూరా తిరుగుతున్నారట. ఆ అమ్మాయికి గైహువా సంచి నచ్చింది.

"అమ్మమ్మా, మీరు కూడా మాలాగే తిరుగుతున్నారా? ఎంత బాగుంది! సంచిలో ఏముంది?"

"మా అత్తగారి కోటు."

"మీ అత్తగారు ఉన్నారా! వయసెంత?"

"తొంభై మూడు."

"అబ్బ! ఆవిడ రాలేదేం?"

"నడవలేదమ్మా. ఆవిడ తరపున నేను లెక్కపెట్టి వస్తా."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి కోడళ్ళు ఈ రోజుల్లో ఉన్నారా అని, గైహువాకి సంచి తగిలించి ఫోటో తీసింది. గుహదాకా మాతోనే వచ్చింది. విగ్రహాల మోకాళ్ళు ముట్టుకోకుండా ఇప్పుడు అడ్డంగా కమ్మీ కట్టారు. ఆ పిల్లే ఉత్సాహంగా గట్టిగా లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిదో ఆయన దగ్గర గైహువా ఆగలేదు, నలభయ్యో ఆయన ముఖం చూడలేదు. తొంభై మూడో ఆయన చేతులు చాచి, నోరు తెరిచి, ఏదో అడుగుతున్నట్టు ఉన్నాడు.

"ఆకలేస్తోంది ఆవిడకి" అని నవ్వింది గైహువా. "వచ్చే ఏడు తొంభై నాలుగు."

తిరుగు రైల్లో పిల్లలు లేరు. గైహువా కోటు తీసి దులిపి, కాలరు సరిచేసి, మళ్ళీ మడిచి సంచిలో పెట్టింది. నాకు ఎవరూ లేరు. నేను పోతే అన్నీ చెయ్యాల్సింది పక్క గోడ గైహువానే. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె సంచి మూతి తెరిచి లోపలికి చూస్తూ అడిగింది.

"అక్కా, నీ చలికోటు కూడా ఇందులో పడుతుందంటావా?"

"పట్టదు" అన్నాను.

"మడిస్తే పడుతుందిలే" అంది.